1966 మస్టాంగా, 2016 మస్టాంగ్ జీటీయా: 28 వేల డాలర్లతో ఏది కొనాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటారు, రోజువారీ తిరగడానికి ఇంట్లో టయోటా హైలాండర్ ఉంది, సరదాకి ఒక ఫోర్డ్ మస్టాంగ్ కారు కొందామని 28 వేల డాలర్లు పక్కన పెట్టారు. చూసి పెట్టుకున్నవి రెండు. ఒకటి 1966 హార్డ్‌టాప్ (గట్టి పైకప్పున్నది), 289 క్యూబిక్ అంగుళాల వి8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజన్, ఆటోమేటిక్. రెండోది 2016 జీటీ, 5.0 లీటర్ల వి8, ఆరు గేర్ల మాన్యువల్. ఏది నిజంగా పవర్ ఉన్న కారు, ఏది కొంటే తర్వాత తల పట్టుకోకుండా ఉంటాను అన్నారు. ఆయిల్ మార్చడం వరకు చేతిపని వచ్చని రాశారు. ఇండియాలో అమ్మిన మస్టాంగ్ కూడా ఇదేనా అని హైదరాబాద్ నుంచి మీ తమ్ముడు అడుగుతున్నాడన్నారు.

సూటిగా చెప్తాను: 2016 జీటీ తీసుకోండి. పికప్ చూసినా, బ్రేకులు చూసినా, పిల్లల్ని ఎక్కించుకోవడం చూసినా రెండింటికీ పోటీయే లేదు. 1966ది తీసుకోవడానికి నాకు కనిపించే కారణం ఒక్కటే. శనివారం పొద్దున్నే పానా పట్టుకోవడమే మీకు సరదా అయితే తీసుకోండి. అప్పుడు కూడా బాడీకి తుప్పు లేకపోతేనే.

ముందు హార్స్‌పవర్ సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే ప్రకటనల్లో అందరూ పొరబడేది ఇక్కడే. 1966లో 289 ఇంజన్ మూడు రకాలుగా వచ్చింది. రెండు బ్యారెళ్ల కార్బురేటర్‌తో (గాలినీ పెట్రోలునీ కలిపి ఇంజన్‌కి పంపే భాగం, బ్యారెల్ అంటే దాని గొట్టం) సి-కోడ్ 200 హార్స్‌పవర్, నాలుగు బ్యారెళ్లతో ఎ-కోడ్ 225, హై పెర్ఫార్మెన్స్ కె-కోడ్ 271. ఇవన్నీ గ్రాస్ అంకెలు. 1972కి ముందు అమెరికన్ కంపెనీలు ఇంజన్‌ని స్టాండు మీద పెట్టి, ఎయిర్ క్లీనర్ తీసేసి, కారుకి ఉండే మఫ్లర్ లేకుండా, ఆల్టర్నేటర్ భారం లేకుండా కొలిచి ఆ అంకె వేసేవి. 1972 నుంచి అన్నీ బిగించాక కొలిచే నెట్ పద్ధతి వచ్చింది. ఈ లెక్కన సి-కోడ్ 200 కాస్తా 150 చుట్టుపక్కలకి దిగుతుంది. 2016 జీటీకి రాసిన 435 నెట్ అంకె. అంటే 200కి 435 పెట్టి 'సగం పవర్' అనుకోకూడదు, నిజానికి మూడో వంతే.

బరువు మాత్రం పాతదే తక్కువ. వి8 హార్డ్‌టాప్ 2,900 పౌండ్ల దగ్గర ఉంటే, 2016ది 3,700. అయినా ఒక్కో హార్స్‌పవర్ లాగాల్సిన బరువు పాతదానికి 19 పౌండ్లు, కొత్తదానికి ఎనిమిదిన్నర. సి-కోడ్ ఆటోమేటిక్ 60 మైళ్ల వేగం అందుకోవడానికి పది సెకన్లు అటూ ఇటూ తీసుకుంటుంది. 2016 మాన్యువల్ నాలుగున్నరలో అందుకుంటుంది, క్వార్టర్ మైలు 13 సెకన్లలో ముగిస్తుంది. మీ హైలాండర్ 2017 తర్వాతి వి6 అయితే దానికి 295 హార్స్‌పవర్. సిగ్నల్ దగ్గర మీ ఆవిడ హైలాండర్‌తో 1966 మస్టాంగ్‌ని వెనక వదిలేసి వెళ్తారు. కొనేముందే తెలిసి ఉండటం మంచిది.

మరి పాతదానికి ఇంత మోజెందుకంటే, అది తక్కువ వేగంలోనే వేగంగా పోతున్నట్టు అనిపిస్తుంది. 40 మైళ్ల దగ్గర ఇంజన్ చప్పుడు, పెట్రోలు వాసన, వేళ్లకి తెలిసే రోడ్డు గతుకులు అన్నీ ఉంటాయి. కొత్తదానికి అదే అనుభూతి రావాలంటే లైసెన్స్ పోయే వేగం కావాలి. అయితే టోల్‌వే ఎక్కగానే లెక్క తిరగబడుతుంది. 1966దానికుండే సి4 ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌కి ఉన్నవి మూడే గేర్లు, హైవే మీద ఇంజన్ నెమ్మదిగా తిరగనిచ్చే ఓవర్‌డ్రైవ్ గేరు లేదు. వెనక ఇరుసు గేరు నిష్పత్తి 3.00 అయితే 70 మైళ్ల దగ్గర ఇంజన్ నిమిషానికి దాదాపు 2,800 చుట్లు తిరుగుతూ ఉంటుంది. పవర్ స్టీరింగ్ లేని కారయితే తిన్నగా పోవడానికి కూడా చిన్న చిన్న సవరింపులు చేస్తూనే ఉండాలి. 2016ది ఆరో గేర్లో 2,000 అటూ ఇటూ తిరుగుతుంది. మైలేజీకి అమెరికా ప్రభుత్వ సంస్థ ఈపీఏ ఇచ్చిన అంకె గ్యాలన్‌కి హైవే మీద 25 మైళ్లు, ఊళ్లో 15.

1966దానికి అసలు ప్రమాదం బ్రేకులు. ఇంజన్ గురించి అడిగేవాళ్లు వందమంది, దీని గురించి అడిగేవాళ్లు తక్కువ. 1966 మస్టాంగ్‌లో మాస్టర్ సిలిండర్‌కి (పెడల్ తొక్కితే బ్రేకు ఆయిల్‌ని చక్రాలకి తోసేది) ఒకటే గది, నాలుగు చక్రాలకీ ఒకటే లైను. చక్రం దగ్గర బ్రేకుని నొక్కే వీల్ సిలిండర్ ఏ ఒక్కటి లీకైనా, వెనక ఇరుసు దగ్గరున్న రబ్బరు గొట్టం పగిలినా పెడల్ నేలకి తాకుతుంది, నాలుగు చక్రాలకీ బ్రేకు పోతుంది. ఫోర్డ్ రెండు గదుల మాస్టర్ సిలిండర్ ఇచ్చింది 1967 నుంచే. దానికి తోడు నాలుగు వైపులా పది అంగుళాల డ్రమ్ములు. హైవే వేగం నుంచి ఒకసారి గట్టిగా తొక్కాక, వెంటనే రెండోసారి తొక్కితే కారు ఆగే దూరం పెరిగిందని మీకే తెలుస్తుంది. డ్రమ్ము లోపల రుద్దుకునే షూలు రెండు వైపులా సమానంగా సర్ది లేకపోతే కారు ఒక పక్కకి లాగుతుంది.

కాబట్టి ఆ కారు కొంటే చక్రాలూ పెయింటూ తర్వాత, ముందు ఇది చేయించండి: రెండు గదుల మాస్టర్ సిలిండర్, ముందు చక్రాలకి డిస్క్ కిట్, వెనక లైనులో ఒత్తిడి తగ్గించి సర్దుబాటు చేయగల ప్రపోర్షనింగ్ వాల్వ్, మూడు రబ్బరు గొట్టాలూ కొత్తవి. విడిభాగాలకే వెయ్యి డాలర్ల పైన అవుతుంది. ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు ఒకటుంది. డ్రమ్ముల మాస్టర్ సిలిండర్‌ని అలాగే ఉంచి ముందు డిస్కులు బిగిస్తారు. డ్రమ్ములకి లైనులో 10 పీఎస్‌ఐ ఒత్తిడి నిలిపే రెసిడ్యువల్ వాల్వ్ ఉంటుంది. అది డిస్కుల లైనులో మిగిలిపోతే కాలు తీసినా ప్యాడ్లు డిస్కుని వదలవు. పది మైళ్లు పోయేసరికి చక్రం చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది, పెడల్ గట్టిపడుతుంది. 'డిస్కులు వేయించాం' అని చెప్పే కారు చూస్తుంటే, టెస్ట్ డ్రైవ్ అయ్యాక ముందు చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూడండి. తర్వాత జాకీ ఎత్తి చక్రం తిప్పండి. చేత్తో తేలిగ్గా తిరగాలి.

ఇక తుప్పు. 1966 కారులో ఇంజన్ చూసి కొనకండి, రేకు చూసి కొనండి. 289ని ఏ షాపులోనైనా విప్పి కట్టగలరు, ప్రతి భాగం దొరుకుతుంది. బాడీకి విడిగా ఛాసిస్ లేదు, రేకులే ఛాసిస్. అవి కుళ్లితే మీ 28 వేలు చాలవు.

మొదట చూడాల్సింది కౌల్. ముందు అద్దం కింద, బానెట్ వెనక జాలీలా కనిపించేది. దాని కింద రెండు రేకుల మధ్య పెట్టెలాంటి ఖాళీ ఉంటుంది. ఆకులూ మట్టీ అందులో చేరి, తడి ఆరక, లోపలికి గాలి వచ్చే రంధ్రాల చుట్టూ ఉన్న రేకుని తుప్పు లోపల్నుంచి తినేస్తుంది. పైనుంచి ఏమీ కనపడదు. పరీక్ష సులువే. ముందు రెండు వైపులా కార్పెట్ ఎత్తి నేల పొడిగా ఉందో లేదో చూసుకోండి. ఒకరు పెద్ద జగ్గుతో నీళ్లు జాలీలో నెమ్మదిగా పోస్తుంటే, ఇంకొకరు డాష్ కింద పడుకుని టార్చి వేసి చూడాలి. డ్రైవర్ వైపు ఒకసారి, హీటర్ వైపు ఒకసారి. మంచి కారయితే నీళ్లు ముందు ఫెండర్ల వెనకనుంచి కిందికి పోతాయి. చెడ్డదయితే మీ ముఖం మీద పడతాయి. దీన్ని బాగుచేయాలంటే ఫెండర్లు విప్పి, వరసగా స్పాట్ వెల్డులు డ్రిల్ చేసి, పై రేకు మొత్తం ఎత్తి కొత్తది వెల్డ్ చేయాలి. రేకు చవక, కూలీయే వేలల్లో. నీళ్లు పోయనివ్వని అమ్మకందారు దగ్గర బేరం ఆపేయండి.

తర్వాత బ్యాటరీ కింద. ఈ కారుకి బ్యాటరీ ముందు కుడివైపు మూలలో ఉంటుంది, యాభై అరవై ఏళ్లుగా యాసిడ్ కారి దాని కింద ఉన్న ఏప్రన్ (ఇంజన్ గది పక్క రేకు), ఇంకా కింద ఫ్రేమ్ రైలు (బాడీని మోసే దూలం) కుళ్లి ఉంటాయి. డిక్కీలో చాప ఎత్తి చూడండి. ఈ కారులో పెట్రోల్ ట్యాంకు పైభాగమే డిక్కీ నేల, ట్యాంకు చుట్టూ స్క్రూలున్న అంచు పొడవునా తుప్పుంటే పెట్రోలు వాసన కారులోకి వస్తుంది. ముందు షాకబ్జర్వర్ టవర్ల మీద, చక్రాన్ని పట్టి ఉంచే పై కంట్రోల్ ఆర్మ్ బిగించిన చోట సన్నని పగుళ్లు ఉన్నాయేమో వైరు బ్రష్‌తో గ్రీజు తీసి చూడండి. తలుపు సగం తెరిచి చివర పట్టుకుని పైకెత్తండి. ఆడితే హింజు అరిగినట్టు, పరవాలేదు. తలుపు మూసి ఉన్నప్పుడు సందు పైన సన్నగా కింద వెడల్పుగా ఉంటే మాత్రం బాడీ మధ్యలో కుంగింది. చివరగా పలచని గుడ్డలో చుట్టిన అయస్కాంతాన్ని వెనక చక్రాల చుట్టూ, ముందు ఫెండర్ అడుగున జరపండి. పట్టు వదిలిన చోట పెయింటు కింద పుట్టీ.

కారు నిజంగా వి8గా పుట్టిందా అనేది విన్ నంబరు (కారుకి కంపెనీ ఇచ్చిన గుర్తింపు నంబరు) చెప్తుంది. 6ఎఫ్07సి అని మొదలైతే, 6 అంటే 1966, ఎఫ్ అంటే డియర్‌బోర్న్ ప్లాంటు, 07 హార్డ్‌టాప్, ఐదో స్థానంలో ఉన్నది ఇంజన్ కోడ్. అక్కడ టి ఉంటే ఆరు సిలిండర్ల కారుకి ఎవరో వి8 ఎక్కించారు. తలుపు మీద ప్లేటు ఒక్కటే చూసి నమ్మకండి, అది కొత్తది కొట్టించుకోవచ్చు. ఇంజన్ గదిలో డ్రైవర్ వైపు ఏప్రన్ మీద గుద్దిన నంబరు చూసి టైటిల్‌తో (కారు యాజమాన్య పత్రం) సరిచూడండి. చక్రాలు విప్పితే ఇంకా తెలిసిపోతుంది: ఆరు సిలిండర్ల కారుకి చక్రానికి నాలుగు నట్లు, వి8కి ఐదు. నాలుగు నట్ల మీద వి8 నడుస్తోందంటే చిన్న డ్రమ్ములు, బలహీనమైన ఇరుసు కూడా అలాగే ఉన్నాయన్నమాట. 'రేర్ కారండీ' అనే మాట పట్టించుకోకండి. 1966లో మస్టాంగులు 6,07,568 తయారయ్యాయి, అందులో దాదాపు ఐదు లక్షలు హార్డ్‌టాప్‌లే.

2016 జీటీకి చూడాల్సినవి వేరు. అయస్కాంతం ఇక్కడ పనికిరాదు, బానెట్టూ ముందు ఫెండర్లూ అల్యూమినియం. పట్టలేదని పుట్టీ అనుకోవద్దు. బానెట్ ముందు అంచు కింద వేలు పెట్టి తడమండి. పెయింటు బుడగల్లా లేచి ఉంటే అల్యూమినియం పాడవుతోంది, పైపైన రుద్ది పెయింటు వేస్తే మళ్లీ వస్తుంది.

ఇక్కడ అసలు ప్రశ్న ముందు ఓనరు ఎలా నడిపాడన్నది. ఇంజన్ గట్టిది. చైన్ ఉంది, బెల్టు మార్చే పని లేదు. 5డబ్ల్యూ-20 ఆయిల్ 8 క్వార్ట్‌లు పడుతుంది. సొంతంగా మార్చేవాళ్లు ఐదు క్వార్ట్‌ల డబ్బా ఒక్కటి పోసి ఊరుకున్న సందర్భాలూ ఉన్నాయి, డిప్‌స్టిక్ చూడండి. సూపర్‌చార్జర్ (పవర్ పెంచడానికి ఇంజన్‌లోకి గాలిని బలంగా తోసేది) ఎక్కించి తీసేసిన కారు వద్దు. ఎక్కువ పవర్ మీద, రెవ్ లిమిటర్ (ఇంజన్ చుట్లకి ఉన్న గరిష్ఠ హద్దు) తగిలేలా నడిపితే ఆయిల్ పంపు గేర్లు పగిలే గుణం ఈ ఇంజన్‌కి ఉంది, పగిలితే ఇంజన్ మొత్తం పోతుంది.

నొప్పి పుట్టించేది ఎంటీ-82 మాన్యువల్ గేర్‌బాక్స్. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే వెళ్లండి, అమ్మేవాళ్లు ముందే స్టార్ట్ చేసి పెడితే ఇంకోరోజు వస్తానని చెప్పండి. చల్లగా ఉన్నప్పుడు రెండో గేరులోకి వేస్తే కొద్దిగా బిగువు మామూలే, కిర్రుమని గీరితే సింక్రో (గేర్ల వేగాలు కలిపే రింగు) అరిగింది. వేడెక్కాక ఖాళీ రోడ్డు మీద ఇంజన్‌ని నిమిషానికి 6,000 చుట్లు దాటించి రెండు నుంచి మూడుకి త్వరగా వేయండి. మూడో గేరు లోపలికి రానివ్వకుండా తోసేస్తే అది ఈ గేర్‌బాక్స్‌కి ఉన్న పాత జబ్బే. అదే సమయంలో క్లచ్ పెడల్ పూర్తిగా పైకి రాకుండా సగంలో ఆగిందా గమనించండి. ఆగితే ముందు చూడాల్సింది ద్రవం. క్లచ్‌కి విడిగా డబ్బా లేదు, బ్రేకు ఆయిల్ డబ్బా నుంచే వస్తుంది. అది నల్లబడి ఉంటే మార్చి గాలి తీయాలి. పెడల్ దగ్గరున్న అసిస్ట్ స్ప్రింగు మారిస్తే చాలామందికి నయమవుతుంది, పెద్ద ఖర్చు కాదు. సింక్రో అరిగితే గేర్‌బాక్స్ దించాల్సిందే.

ఇరవై ముప్పై డాలర్ల ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్‌లోని లోపాల కోడ్లు చదివేది) ఒకటి వెంట తీసుకెళ్లండి. ఇంజన్ హెచ్చరిక లైటు వెలగడం లేదని సరిపెట్టుకోకుండా రెడీనెస్ మానిటర్లు (కారు సొంత పరీక్షలు పూర్తయ్యాయో లేదో చెప్పేవి) చూడండి. ఎక్కువభాగం 'నాట్ రెడీ' అని ఉంటే ఎవరో ఆ రోజో ముందు రోజో కోడ్లు చెరిపేశారు. పొగని శుభ్రం చేసే కాటలిటిక్ కన్వర్టర్లు తీసేసి ఇంజన్ సాఫ్ట్‌వేర్ మార్చిన కార్లు ఇలాగే దొరుకుతాయి. ఫ్రిస్కో ఉన్న కాలిన్, డెంటన్ కౌంటీల్లో ఈ కారుకి ఏటా ఎమిషన్ (పొగ) పరీక్ష తప్పదు, అక్కడ ఆగిపోతే రిజిస్ట్రేషన్ ఆగుతుంది. టెక్సస్‌లో సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ 2025 జనవరి నుంచి ఎత్తేశారు గానీ ఇది ఎత్తేయలేదు. 1966 కారుకి ఈ పరీక్ష లేదు.

ఇంకో విషయం, టెక్సస్ కార్లకి ప్రత్యేకంగా. 2017 ఆగస్టులో హార్వీ తుఫానుకి హ్యూస్టన్ ప్రాంతంలో మునిగిన కార్లు లక్షల్లో. 2016 కారు అప్పటికి ఏడాది పాతది. టైటిల్ శుభ్రంగా ఉన్నా సీటు పట్టాల కింద బోల్టులు, డాష్ కింద కనెక్టర్ల పిన్నులు, డిక్కీ చాప కింద గుంట చూడండి. పిన్నులకి పచ్చని పొర, గుంట మూలల్లో ఎండిన బురద కనిపిస్తే ధర ఎంత తగ్గించినా వద్దు.

మీ తమ్ముడికి: బాడీ ఇదే. ఫ్యాక్టరీ నుంచే కుడివైపు స్టీరింగ్‌తో రావడం ఈ తరం మస్టాంగ్‌తోనే మొదలైంది, అందుకే 2016 జులైలో ఇండియాకి అధికారికంగా రాగలిగింది. అప్పటి ధర ఢిల్లీ ఎక్స్-షోరూమ్ 65 లక్షలు. ఇంజన్ కూడా 5.0 వి8యే గానీ అక్కడ 396 హార్స్‌పవర్‌కి సర్దారు, ఆటోమేటిక్ ఒక్కటే ఇచ్చారు. గేర్‌బాక్స్ గురించి పైన రాసినవేవీ దానికి వర్తించవు.

పిల్లల మాట. 1966దానికి హెడ్‌రెస్టులు లేవు, భుజం మీదుగా వచ్చే బెల్టులు లేవు, గుద్దితే ముడుచుకునే స్టీరింగ్ కాలమ్ లేదు. ముందు సీట్లకి మూడు బిందువుల బెల్టులు వేయించుకోవచ్చు, వెనక సీట్లో చైల్డ్ సీటు మాత్రం పెట్టకండి. 2016దానికి అమెరికా ప్రభుత్వ క్రాష్ పరీక్షలో ఐదు నక్షత్రాలు వచ్చాయి. అదే తరం కారుకి 2017లో యూరప్‌లో క్రాష్ పరీక్షలు చేసే యూరో ఎన్‌క్యాప్ రెండే ఇచ్చింది. అక్కడి మార్కుల్లో ఆటోమేటిక్ బ్రేకింగ్ లాంటివాటికీ వాటా ఉంటుంది. వెనక సీటు ఇరుకే, చిన్నపిల్లలకయితే సరిపోతుంది.

ఇంత చదివాక కూడా మనసు 1966 మీదే ఉంటే, ధర 22 వేలు దాటనివ్వకండి, మిగతాది బ్రేకులకీ టైర్లకీ ఉంచండి. టైరు నున్నగా మెరుస్తున్నా పక్కన ఉన్న నాలుగు అంకెల తేదీ కోడ్ చూడండి, పదేళ్లు దాటితే మార్చేయడమే. సి-కోడ్‌కి మామూలు పెట్రోలు చాలు, ఎ-కోడ్ కంప్రెషన్ (సిలిండర్లో గాలిని నొక్కే నిష్పత్తి) పది దరిదాపుల్లో కాబట్టి ప్రీమియం కావాలి. ఇథనాల్ కలిసిన పెట్రోలు పాత రబ్బరుని మెత్తబరుస్తుంది, ఇంధన గొట్టాలన్నీ ఇథనాల్‌ని తట్టుకునేవి వేయించండి. ఇంజన్ ఆయిల్ జింక్ ఎక్కువున్నది, 1,200 పీపీఎం దరిదాపుల్లో, 10డబ్ల్యూ-30 రకం ఐదు క్వార్ట్‌లు. ఇప్పటి కార్ల పలచని ఆయిళ్లలో జింకూ ఫాస్ఫరస్సూ తగ్గించారు, దానితో ఇలాంటి పాత ఇంజన్లలో వాల్వులు తెరిచే క్యామ్ షాఫ్ట్ బొడిపెలు (లోబ్‌లు) అరుగుతాయి. డిస్ట్రిబ్యూటర్‌లో నిప్పురవ్వ పుట్టించే పాయింట్ల సందు 0.017 అంగుళం, స్పార్క్ ప్లగ్గులది 0.034. టైమింగ్ (నిప్పురవ్వ పడే క్షణం) 6 డిగ్రీలు, డిస్ట్రిబ్యూటర్‌కి వచ్చే వ్యాక్యూమ్ గొట్టం తీసి మూసాక చూడాలి. ఈ నాలుగు పనులూ ఒక ఆదివారంలో నేర్చుకోవచ్చు. టెక్సస్ ఎండలో ఆపిన వెంటనే మళ్లీ స్టార్ట్ కాకపోతే కంగారు పడకండి, కార్బురేటర్ దగ్గర పెట్రోలు ఆవిరైపోయి ఉంటుంది. బానెట్ ఎత్తి పావుగంట ఆగి, పెడల్ సగం తొక్కి ఉంచి తిప్పండి.

ఇన్సూరెన్స్ మాత్రం పాతదానికే చవక. క్లాసిక్ కార్లకి ఒప్పుకున్న విలువ మీద పాలసీ ఇస్తారు. తాళం వేసే గ్యారేజీ, రోజూ తిరగడానికి ఇంకో కారు ఉండాలంటారు, మీకు హైలాండర్ ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. నంబర్ ప్లేటు తీసుకునేటప్పుడు 'యాంటిక్' కాకుండా 'క్లాసిక్' అడగండి. టెక్సస్‌లో యాంటిక్ ప్లేటుతో ప్రదర్శనలకీ పరేడ్‌లకీ క్లబ్ కార్యక్రమాలకీ తప్ప మామూలుగా తిరగడానికి వీల్లేదు, క్లాసిక్‌కి ఆ షరతు లేదు.